రోహిణి కార్తెలో మదీరా

హౌజ్ ఖాస్ స్టేషన్‌లో పసుపు లైను దిగి మెజెంటా లైను ఎక్కాలంటే భూమిలోకి ఇంకా ఇంకా దిగాలి. ఢిల్లీ మెట్రోలో బాగా లోతైన స్టేషన్లలో అదొకటి. అక్కణ్ణుంచి ఐఐటీ, ఆర్.కె.పురం, మూడోది మునిర్కా. లోపల చల్లగా ఉంటుంది కాబట్టి పైన ఏం జరుగుతోందో కాసేపు మరిచిపోతాం. మెట్లెక్కి ఔటర్ రింగ్ రోడ్డు మీద తల బయట పెట్టగానే వడగాలి మొహాన కొట్టింది. సాయంత్రం ఆరు దాటింది, ఎండ మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న పెద్దలు ఢిల్లీ చూసి ఉంటే రోళ్ళతో ఆపేవాళ్ళు కాదు.

ఈ ఎండల్లో పాత పోర్టు, షెర్రీ, మదీరా రుచి చూడ్డానికి హైదరాబాదు నుంచి రైలెక్కి పోవడమేమిటని ఇంట్లో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఇరవై శాతం దాకా ఆల్కహాలు ఉండే ఈ వైన్లు చలికాలం రాత్రి భోజనమయ్యాక తాగేవని ఇంగ్లీషువాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. మునిర్కాలో మమ్మల్ని పిలిచిన మాస్టారు మాత్రం కావాలనే మే నెలాఖరు ఖాయం చేశారు. "ఎండ దెబ్బకే బాగుపడిన సరుకోయ్ అది. దాన్ని ఎండల్లోనే చూడాలి. నువ్వు రా" అని ఫోనులో ఒకటే పట్టు.

మునిర్కా పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ళు. ఒకటి పాత గ్రామం, టోకస్ గోత్రపు జాట్లది. ఆర్.కె.పురం సర్కారీ క్వార్టర్లు, జేఎన్‌యూ, వసంత్ విహార్ బంగళాలు లేచిన నేల ఒకప్పుడు ఇక్కడి చుట్టుపక్కల గ్రామాల పొలాలు, బీళ్ళూ. పొలాలు పోయాక మిగిలింది ఇళ్ళ స్థలాలు. వాటి మీద నాలుగేసి, ఐదేసి అంతస్తులు లేపి గదులు అద్దెకిచ్చారు. కొన్ని సందుల్లో చేతులు చాపితే రెండువైపులా గోడలు తగులుతాయి. నెత్తిన కరెంటు తీగెలు, ఇంటర్నెట్ తీగెలు పెనవేసుకుని ఆకాశానికి అడ్డం పడతాయి. ఆ గదుల్లో మణిపూర్, నాగాలాండ్, మిజోరం పిల్లలు, జేఎన్‌యూ సీటు కోసం వచ్చినవాళ్ళు, చదువు అయిపోయినా ఊరికి వెళ్ళబుద్ధి కానివాళ్ళు. వెదురు చిగుళ్ళు, ఎండుచేపలు, పొగబెట్టిన పందిమాంసం అమ్మే కొట్టు పక్కనే నులకమంచం మీద హుక్కా పట్టుకున్న తాత. దేశానికి మునిర్కా బస్‌స్టాపు పేరు తెలిసింది 2012 డిసెంబరు 16 రాత్రి నిర్భయ ఘటన వల్ల. ఆ స్టాపు ముందు నుంచి నడుస్తుంటే నాకైతే మాట పెగలదు.

రెండో ఊరు డీడీఏ ఫ్లాట్లు. అక్కడ చెట్లు, పార్కు, సాయంత్రం నడకకు దిగిన రిటైర్డు ఉద్యోగులు. మాస్టారి ఫ్లాటు పై అంతస్తులో ఉంది. డాబా మీద ఒక బర్సాతీ గది కూడా. ఆయనది బందరు. 1611లో ఇంగ్లీషువాళ్ళు కొట్టు తెరిచిన బందరు. తమ ఊళ్ళో దిగిన మొదటి ఇంగ్లీషువాడి దగ్గర సీసా ఉండే ఉంటుందని ఆయన వాదన. రుజువు అడిగితే నవ్వేస్తారు.

ఏడాదికోసారి తలా కొంత వేసుకుని, ఒంటరిగా ఎవరూ కొనలేని ఒక సీసా తెప్పించి, దానికి తోడుగా చిన్నాచితకా సీసాలు చేర్చి కూర్చునే బృందం ఇది. గోవా పెద్దమనిషి ఒకరు, ఓడల మీద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మునిర్కా గ్రామంలో అద్దెకుండే నాగా పరిశోధకురాలు. పళ్ళ డాక్టర్లయిన పంజాబీ దంపతులు. బ్యాంకులో పనిచేసే బెంగాలీ బాబు. మాస్టారు, ఆయన భార్య పిన్నిగారు, నేను. పిన్నిగారు ఒక్క చుక్క ముట్టరు. అయినా ఆవిడ లేకపోతే ఆ రాత్రి అసలు సంగతి మాకు తెలిసేది కాదు.

ఢిల్లీలో మద్యం అమ్మే దుకాణాలన్నీ 2022 సెప్టెంబరు నుంచి సర్కారీ కార్పొరేషన్ల చేతిలో ఉన్నాయి. ఆ ఠేకాల్లో వందేళ్ళ మదీరా కోసం అడిగితే మనకేదో తిరిగిందనుకుంటారు. దిగుమతి వైను మీద 150 శాతం కస్టమ్స్ సుంకం ఉన్న దేశంలో ఇలాంటి సీసాకు ఒకటే దారి. విదేశం నుంచి వచ్చేవాళ్ళు తమ రెండు లీటర్ల కోటాలో, అవసరమైతే సుంకం కట్టి, చొక్కాల్లో చుట్టి తేవాలి. ఆ పని గోవా ఆయనది. కూతురు లిస్బన్‌లో ఉంటుంది కాబట్టి. ఇంట్లో ఎంత ఉంచుకోవచ్చన్న లెక్క మాస్టారికి కంఠస్థం: మనిషికి విస్కీ, రమ్ము వగైరా 9 లీటర్లు, వైను, బీరు 18 లీటర్లు, అదీ పాతికేళ్ళు నిండినవాళ్ళకే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 21 నిండితే చాలు. మాస్టారి మనవడికి ఇరవై మూడు. హైదరాబాదులో వాడు పెద్దవాడు, తాతగారింట్లో పిల్లవాడు. ఆ సాయంత్రం వాడి పని గ్లాసులు కడగడం, ఐసు తేవడం.

రైల్లో ఆగ్రా దాటుతుంటే చీకటిగానే ఉంది గానీ నాకు జహంగీరు గుర్తొచ్చాడు. వైనులో సారా కలపడం యూరపు వాళ్ళ గుట్టు అనుకుంటాం. ఈయన తన ఆత్మకథలోనే దాచకుండా రాసుకున్నాడు. కుర్రతనంలో రెండుసార్లు బట్టీ పట్టిన సారా రోజుకు ఇరవై గిన్నెలు, పగలు 14, మిగిలినవి రాత్రి. చేతులు వణికి గిన్నె పట్టుకోలేక పక్కవాళ్ళు తాగించాల్సి వచ్చింది. ఇలాగే సాగితే ఆరు నెలల తర్వాత మందు ఉండదని హకీం హుమామ్ చెప్పాక తగ్గించాడు. ఆ తగ్గింపులో భాగంగా రెండు వంతుల ద్రాక్ష వైనులో ఒక వంతు సారా కలిపించుకున్నాడు. పోర్చుగీసువాళ్ళు వైను పాడవకుండా సారా కలిపారు. ఈయన సారా నుంచి బయటపడదామని వైను కలిపాడు. ఎటువైపు నుంచి వచ్చినా గిన్నెలో తేలింది ఒకటే.

మొదట పోర్టు. డోరో నది ఒడ్డున ద్రాక్ష తొక్కి, రసం రెండు మూడు రోజులు పులియనిచ్చి, తీపి ఇంకా సగం దాకా ఉండగానే 77 శాతం ద్రాక్ష సారా పోస్తారు. లెక్క సుమారుగా 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారా. దాంతో ఈస్టు చచ్చి పులియడం ఆగిపోతుంది, తీపి అలాగే నిలిచిపోతుంది. మన గీత కార్మికులకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. ముంతకు సున్నం పూసి కడితే నీరా తియ్యగా ఉండిపోతుంది, పూయకపోతే కల్లవుతుంది. కాకపోతే నీరా పూట దాటదు, పోర్టు తరం దాటుతుంది. 1703లో ఇంగ్లండుకూ పోర్చుగల్‌కూ మెథుయెన్ ఒడంబడిక కుదిరి, ఫ్రెంచి వైను కంటే పోర్చుగీసు వైనుకు సుంకం తగ్గడంతో లండన్‌లో దీనికి గిరాకీ పెరిగింది. గిరాకీతో పాటే కల్తీ. 1756లో పొంబాల్ మార్క్విస్ ఏ కొండ ద్రాక్ష పోర్టుకు పనికొస్తుందో హద్దు గీసి రాళ్ళు పాతించాడు.

పంజాబీ డాక్టరుగారు తెచ్చింది వింటేజ్ పోర్టు, 1985ది. మంచి సంవత్సరం. మంచి సంవత్సరాల ద్రాక్షతో చేసి, రెండు మూడేళ్ళకే సీసాకెత్తి, మిగతా ఎదుగుదలంతా సీసాలోనే జరగనిచ్చే రకం అది. గాలి తగలకూడదు, వేడి తగలకూడదు, కదపకూడదు. పెళ్ళికానుకగా వచ్చిన ఆ సీసా మాత్రం వాళ్ళ బీరువాలో ఢిల్లీ ఎండాకాలాలన్నీ గడిపింది. బిరడా సగానికి విరిగింది. పలచటి గుడ్డలో వడగడితే అడుగున నల్లటి మడ్డి నిలిచింది. గ్లాసులో రంగు ఇటుకపొడి రంగు, వాసన మాడిన జాం వాసన. డాక్టరుగారు ఆశ వదులుకోలేక రెండోసారి పోయించుకున్నారు. ఆయన భార్య మొదటి గుక్కతోనే గ్లాసు పక్కన పెట్టేశారు.

గోవా ఆయన తెచ్చిన ఇరవై ఏళ్ళ టానీ పోర్టు ఆ దుఃఖం తీర్చింది. ఇది పీపాలో ఏళ్ళ తరబడి గాలి తగులుతూ పెరిగిన రకం, ఎరుపు పోయి రాగిచెంబు రంగుకు వచ్చింది. గాలి ఎలాగూ తిన్నదే కాబట్టి అది మన ఇళ్ళలో కాస్త ఓర్చుకుంటుంది. ఆయనే సరదాకు గోవా దుకాణంలో దొరికే పోర్టు వైను కూడా ఒకటి పట్టుకొచ్చారు. పోర్టో పేరుకు మన దేశంలోనూ జీఐ రక్షణ ఉంది, అయినా గోవాలో ఆ తియ్యటి ఎర్ర వైనుకు జనం పెట్టుకున్న పేరు మారదు. హైదరాబాదులో ఒకప్పుడు గోల్కొండ పేరుతో వచ్చిన వైనును పాతవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారే, అలాంటి అభిమానం అది. గోవా ఆయనకు వాళ్ళమ్మ క్రిస్మస్‌కు ఇంత పోసిచ్చేదట. అందుకని దాన్ని ఎవరూ విమర్శించలేదు. నిజం చెప్పాలంటే ఐసు వేసుకుంటే ఆ వేడిలో బాగానే ఉంది.

షెర్రీ గురించి నేను ఎక్కువ చెప్పను. బెంగాలీ బాబు ముప్ఫై ఏళ్ళు దాటిన అమోంటిలాడో అరసీసా తెచ్చి, సోలెరా పద్ధతి మీద చిన్న ప్రసంగం చేశారు. వరసలు వరసలుగా పీపాలు, అడుగు వరస నుంచి కొంత తీసి సీసాకెత్తడం, పై వరసల్లోంచి కింది వాటిని నింపుకుంటూ రావడం, ఏ పీపా పూర్తిగా ఖాళీ చేయకపోవడం. అందువల్ల ఆ సీసాకు పుట్టిన సంవత్సరం ఉండదు, సగటు వయసే ఉంటుంది. రుచి ఎముకల్లా ఎండిపోయి, ఉప్పగా, గట్టిగా ఉంది. నాగా అమ్మాయి తెచ్చిన పొగబెట్టిన పందిమాంసం, అఖునీతో వండింది, దాని పక్కన అది తప్ప మరేదీ నిలబడలేదు. అఖునీ అంటే పులియబెట్టిన సోయా గింజలు. మునిర్కా సందుల్లో దాని వాసన మీద ఇంటి ఓనర్లతో గొడవలు మామూలే. 'అఖునీ' పేరుతోనే 2019లో నికోలస్ ఖర్కొంగోర్ సినిమా తీశాడు, ఢిల్లీలో అద్దెకుండే ఈశాన్య పిల్లలు ఒక పెళ్ళికోసం అది వండుకోవడానికి పడే పాట్ల కథ. ఈ గదిలో మాత్రం గిన్నె రెండోసారి నిండింది, షెర్రీ అయిపోయింది.

తొమ్మిదవుతుండగా మాస్టారు లేచి డాబా మీదకెళ్ళి ఒక సీసా, ఫ్రిజ్‌లోంచి ఇంకో సీసా తెచ్చి బల్ల మీద పెట్టారు. రెండూ ఒకే రోజు, ఒకే దుకాణంలో కొన్న పదేళ్ళ వెర్డెల్యో మదీరాలు. ఒకటి ఫ్రిజ్ దాటలేదు. రెండోది బర్సాతీ గదిలో రేకుల కప్పు కింద రెండు ఎండాకాలాలు నిలబడే ఉంది. నిలబెట్టడంలోనూ కారణం ఉంది. మదీరాను పడుకోబెడితే అందులోని పులుపు బిరడాను తినేస్తుందని నిలువుగానే ఉంచుతారు.

మనవడు గ్లాసులకింద కాగితాలు పెట్టి ఏది ఏదో తెలియకుండా పోశాడు. వాసన చూశాం, తాగాం, గొడవపడ్డాం. డాక్టరమ్మ, బెంగాలీ బాబు ఒక గ్లాసును ఎండదన్నారు, గోవా ఆయనా నేనూ రెండోదాన్ని అన్నాం. నాగా అమ్మాయి రెండూ ఒకటేనని తేల్చేసింది. కాగితాలు తిప్పి చూస్తే మేమిద్దరం నెగ్గాం గానీ, అది బొమ్మాబొరుసు నెగ్గడంలాంటిదేనని ఇద్దరికీ తెలుసు. డాక్టరుగారి పోర్టును ముసలిదాన్ని చేసి చంపిన ఎండ దీని వెంట్రుక కదపలేకపోయింది.

ఎందుకంటే ఈ వైనును తయారీలోనే వండేస్తారు. ఆఫ్రికా ఒడ్డుకు దూరంగా అట్లాంటిక్‌లో ఉన్న పోర్చుగీసు దీవి మదీరా. ఇండియాకు, అమెరికాకు బయల్దేరే ఓడలు ఫుంచాల్ రేవులో ఆగి మంచినీళ్ళు, కూరగాయలు, వైను పీపాలు ఎక్కించుకునేవి. ప్రయాణంలో పాడవకుండా వైనులో సారా కలపడం పద్దెనిమిదో శతాబ్దంలో అలవాటైంది. ఓడ అడుగున పీపాలు భూమధ్యరేఖ వేడిలో మగ్గేవి, గుడ్‌హోప్ అగ్రం చుట్టూ ఊగేవి, మళ్ళీ వేడిలో పడేవి. అమ్ముడుపోక తిరిగొచ్చిన పీపాలు విప్పితే వైను చెడలేదు సరికదా, బయల్దేరినప్పటికంటే బాగుంది. అప్పటినుంచి వర్తకులు కావాలనే పీపాలను ఓడ ఎక్కించి తిప్పి తెచ్చేవారు. ఇండియా దాకా పోయి వచ్చిన సరుకు ధర వేరు. లండన్‌లో 'ఈస్టిండియా మదీరా' అని ప్రత్యేకంగా అమ్మేవారు. మద్రాసులో, కలకత్తాలో దొరల బల్లల మీద అదే ఉండేది. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన సంబరాల్లో వాళ్ళు ఎత్తిన గ్లాసుల్లోనూ మదీరాయే అంటారు.

ఓడ ఖర్చు తప్పించుకోవడానికి దీవిలోనే ఆ వేడి పుట్టించే ఏర్పాట్లు తర్వాత వచ్చాయి. మామూలు రకాన్ని తొట్టెల్లో పోసి 45 నుంచి 50 డిగ్రీల వేడిలో కనీసం మూడు నెలలు ఉంచుతారు. మేలురకాన్ని అలా తొందరపెట్టరు. గిడ్డంగి మీద ఎండ పడే అటకల్లో పీపాల్లో పోసి వదిలేస్తారు. మా పైన ఉన్న బర్సాతీ లాంటి అటకలే, కాకపోతే అద్దెకుండేది పీపాలు. ఏటా కొంత ఆవిరైపోతుంది, మిగిలింది చిక్కబడుతుంది. సంవత్సరం పేరుతో వింటేజ్ మదీరాగా సీసాకెక్కాలంటే పీపాలో కనీసం 20 ఏళ్ళు ఉండాలన్నది నియమం. కొందరు వర్తకులు ఇరవైతో ఆగరు. అరవై, డెబ్భై, తొంభై ఏళ్ళు ఉంచి, ఆర్డరు వచ్చినప్పుడు కాసిన్ని సీసాలు నింపుతారు.

అలాంటి ఇల్లే ఫుంచాల్‌లోని డోలివేరాస్. 1850లో మొదలైన వ్యాపారం. వాళ్ళ సీసాల మీద రంగురంగుల లేబుళ్ళుండవు. నల్లటి గాజు మీద తెల్ల పెయింటుతో అచ్చు వేసిన అక్షరాలుంటాయి. ఆ రాత్రి మేం అందరం చందాలు వేసుకుని తెప్పించిన సీసా మీద ద్రాక్ష పేరు బువాల్, దానితో పాటు ఒక సంవత్సరం: 1908.

ఆ అంకె చూడగానే హైదరాబాదువాడికి వైను గుర్తురాదు. 1908 సెప్టెంబరు 28, మూసీ వరద. అఫ్జల్‌గంజ్ కొట్టుకుపోయింది, పదిహేను వేల దాకా జనం పోయారంటారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య వచ్చారు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ లేచాయి. మదీరా దీవిలో ద్రాక్ష కోతలు ఆగస్టు చివర మొదలై సెప్టెంబరంతా సాగుతాయి. అంటే చింతకొమ్మలు పట్టుకుని జనం వేలాడుతున్న రోజుల్లోనే ఎవరో బుట్టల్లో ఈ పండు మోస్తున్నారన్నమాట. నేను ఆ మాట అంటే బల్ల చుట్టూ కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత బెంగాలీ బాబు తన లెక్కలు చెప్పారు. ఆయనకు 1908 అంటే ఖుదీరాం బోస్ ఉరి. ఒకే సీసాకు ఊరికో పంచాంగం.

మాస్టారు ఆ సీసాను వారం ముందే తెరిచేశారు. ఏళ్ళ తరబడి బిరడా కింద ఉక్కిరిబిక్కిరైన వైను వాసన విప్పుకోవాలంటే గాలి కావాలి. గాజు కూజాలోకి వంచి, మీద గుడ్డ కప్పి, ఫ్రిజ్ మీద పెట్టారు. మామూలు వైను వారంలో చస్తుంది. మదీరా తెరిచాక నెలలు, కొన్నిసార్లు ఏడాది కూడా ఉంటుంది.

గుడ్డ తీసి గ్లాసుల్లోకి పోశారు, తలా చిన్న మోతాదు. రంగు మధ్యలో నల్లగా, అంచున పచ్చటి మెరుపు. ఆ అంచు పచ్చదనం ముసలి మదీరా గుర్తు. అప్పుడే వంటింట్లోంచి పిన్నిగారు అరిసెల పళ్ళెం పట్టుకుని వస్తూ గుమ్మం దగ్గరే ఆగారు.

"మాగాయ జాడీ మూత ఎవరు తీశారండీ?"

"ఎవరూ తీయలేదే" అన్నారు మాస్టారు.

"మరి మెంతిపిండి వాసన ఇంతలా కొడుతుంటేనూ?"

గ్లాసు ఆవిడకు అందించాను. "పిన్నిగారూ, ఇదేమో చూడండి." ఆవిడ దూరం నుంచే ముక్కు పెట్టి చూశారు. "ఇదే. దోరగా వేయించిన మెంతులు. కింద బెల్లం పాకం ఉంది, ముదురుపాకం, అరిసెల పాకం కంటే ఇంకాస్త ముదిరింది. చింతపండు కూడా పిసికారా ఏమిటి?"

చింతపండు ఎవరూ పిసకలేదు, అది బువాల్ పులుపు. మెంతుల సంగతి మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం, దానికి రసాయనశాస్త్రం సాక్ష్యం ఉంది. సోటోలోన్ అనే పదార్థం మెంతుల అసలు వాసన. ముడి చెరకు చక్కెరలోనూ ఉంటుంది. పీపాలో గాలి తగులుతూ, వేడిలో మగ్గుతూ, ఏళ్ళు గడిచేకొద్దీ మదీరాలో అదే పుడుతుంది. ఎంత పాతదైతే అంత ఎక్కువ, తియ్యటి రకాల్లో మరీనూ. లీటరులో కొన్ని మైక్రోగ్రాములున్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. పాత షెర్రీలో, పాత టానీలోనూ ఉంటుంది. తక్కువ మోతాదులో అది పాకం వాసన, పెరిగితే మెంతి. 2005లో న్యూయార్క్ నగరమంతా ఏదో తీపి పాకం వాసన తేలి, జనం బెదిరి ఫోన్లు చేశారు. అలా మధ్యమధ్యన వస్తూనే ఉంటే 2009లో అధికారులు గాలి దిశలు లెక్కగట్టి కారణం తేల్చారు, నది అవతల న్యూజెర్సీలో మెంతులు ప్రాసెస్ చేసే కర్మాగారం. మన అమ్మమ్మలెవరినైనా అడిగితే మొదటి రోజే చెప్పేవాళ్ళు.

పాతికేళ్ళుగా పుస్తకాలు చదివి అక్రోటు కాయ, కమలా తొక్క, చుట్టల పెట్టె వాసనలంటూ వల్లించిన మాకందరికీ ఆ పూట నోరు పడిపోయింది. ఈ వైన్ల మీద రాసినవాళ్ళంతా తమ వంటింటి అలమరలోంచే పేర్లు తీశారు. అందులో తప్పేమీ లేదు. కానీ మన అలమరలో ఆ పదార్థమే నేరుగా, డబ్బా నిండా ఉంటే, మనం వాళ్ళ డబ్బాలు అరువు తెచ్చుకుని తలలూపడం ఎందుకు? వేడిలో మగ్గిన రుచి, గాలి తగిలి ముదిరిన రుచి, పులుపూ తీపీ పోట్లాడుకునే రుచి తెలుగువాడికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. ఊరగాయ జాడీ ఎండలో పెట్టి, మూడో రోజు కలిపి, మళ్ళీ ఎండపెట్టే జాతి మనది.

అరిసెతో 1908 బువాల్. ఇది నేను సిఫార్సుగా చెప్తున్నాను, ఎవరికైనా ఆ అదృష్టం పడితే. అరిసెలోని నెయ్యి నాలుక మీద పరుచుకోగానే వైను పులుపు దాన్ని కోసుకుంటూ పోతుంది, ఆ వెనక నువ్వుల వాసన, దాని వెనక చాలాసేపు, నిజంగా చాలాసేపు, మెంతి చేదు. మింగాక మాట్లాడాలంటే ఆ రుచి చెడుతుందేమోనని గోవా ఆయన కిటికీ దగ్గరకెళ్ళి నిలబడ్డారు. నాగా అమ్మాయికి మాత్రం ఇది మరీ తీపి. ఆమె తన గ్లాసులోది పందిమాంసం అడుగున మిగిలిన పులుసుతో కలిపి తిని, అలా తింటేనే బావుందని తేల్చింది. డాక్టరుగారు నొచ్చుకున్నారు. మాస్టారు వెంటనే తన ప్లేటు అటు జరిపారు.

తర్వాత మాటలు కల్లు మీదకు మళ్ళాయి, ఇద్దరు తెలుగువాళ్ళున్న చోట మళ్ళక తప్పదు. బందరు దగ్గర పల్లెల్లో తెల్లారి దించిన తాటికల్లు పదింటికల్లా ఎలా ఘాటెక్కేదో, పొద్దుగూకేసరికి ఎలా పులిసేదో, వాసన చూసి ఇది ఏ గట్టు మీది చెట్టుదో చెప్పే మనుషులు ఎలా ఉండేవారో మాస్టారు చెప్పుకుంటూ పోయారు. ఒక పూటకు మించి నిలవని దాన్ని అంత పట్టుగా గుర్తుపట్టగలిగిన వాళ్ళ ముందు, నూరేళ్ళు నిలిచినదాన్ని మనం గుర్తుపట్టామని గొప్పలు పోవడం కాస్త సిగ్గుగానే ఉంటుందన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ గట్టు మీది మనుషుల చేతికి ఈ గ్లాసు ఇస్తే మన అందరికంటే ముందు లోపాలు పట్టేవాళ్ళు. వాళ్ళకు ఇచ్చినవాడు లేడు, అంతే తేడా.

ఈ సీసాకు మేం పెట్టిన డబ్బుతో ఒక మామూలు స్కూటరు వస్తుంది. పిన్నిగారు అదే అన్నారు, స్కూటరైతే కనీసం కూరగాయలకు పనికొచ్చేదని. కూజాలో మూడోవంతు మిగిలింది. డాక్టరమ్మ సీసాలోకి తిరగపోసి ఫ్రిజ్‌లో పెడదామన్నారు. మాస్టారు ససేమిరా, బర్సాతీలోనే పెట్టి దసరాకు చూద్దామన్నారు. ఓట్లు వేస్తే బర్సాతీ నెగ్గింది.

ఇక వచ్చే ఏటి సీసా. బెంగాలీ బాబుకు పాత సెర్సియల్ మీద మనసు, తీపి లేని రకం కాబట్టి మెంతి ఎంత తగ్గుతుందో చూడవచ్చని. గోవా ఆయనకు టెర్రాంతేజ్ కావాలి. ఆ ద్రాక్ష తెగుళ్ళ దెబ్బకు దీవిలో దాదాపు మాయమైపోయి, ఇప్పుడు కొద్దికొద్దిగా మళ్ళీ నాటుతున్నారు. పాత సీసాలు దొరకడమే కష్టం, ధర చెప్పనక్కర్లేదు. ముందు తీపితో మొదలై గొంతు దిగేసరికి చేదవుతుందని ఆయన ఊరిస్తుంటే నాగా అమ్మాయి చెయ్యెత్తింది, నేనూ ఎత్తాను. కానీ మే నెల వద్దని, డిసెంబరులో మడగావ్‌లో వాళ్ళింట్లో పెట్టుకుందామని ఆయన షరతు. మాస్టారు రోహిణి కార్తె వదలనంటారు. పదిన్నరకు మనవడు మెట్రో సంగతి గుర్తుచేసేదాకా అది తెగలేదు. చివరికి పద్దుల పుస్తకంలో టెర్రాంతేజ్ అని రాసి, తేదీ దగ్గర ఖాళీ వదిలి, మొదటి విడత రెండేసి వేలు వసూలు చేశారు. నేను చెప్పులు వేసుకుంటూనే ఫోన్‌పే చేశాను.